వీధులలో ఆడుకొను పిల్లలు

ధ్యానభాగము: జెకర్యా 8:4, 5, మత్తయి 11:16, 17



చెరనుండి తిరిగి వచ్చిన యూదుల కన్నులకు యెరూషలేము ఇంకను పాడుదిబ్బగానే కనబడుచుండెను. అట్టి దినములలో ఆ పట్టణము మరల బాగుపడునని దేవుడు జెకర్యా ద్వారా వాగ్దానము చేసెను. దానికి ఈ వచనములలో చూపబడిన గురుతు ఏమి? బంగారము కాదు, కోటగోడలు కాదు. కఱ్ఱ ఊతగా గల వృద్ధులు వీధిలో తీరికగా కూర్చుందురట. పిల్లలు అక్కడనే ఆడుకొందురట. శత్రుభయమున్న ఊరిలో ఏ తల్లి బిడ్డను వీధికి పంపును?

మరి మనము ఆటను పనికిమాలినదిగా ఎంచుచున్నామేల? "అంగన్‌వాడీలో ఆటలే గాని చదువు లేదు" అని మూడేండ్ల బిడ్డను మాన్పించి, అప్పుచేసి ఫీజు కట్టి, అక్షరములు దిద్దించు బడికి పంపువారు మనలో కలరు. వారి ఆశ మంచిదే. మన తాతలలో అనేకులకు పలక పట్టు భాగ్యమే లేకపోయెను. అయినను మట్టి పిసికి, పుల్లలు పేర్చి బలపడిన వ్రేళ్లే తరువాత బలపమును చక్కగా పట్టును.

వామనగుంటలు చూడుడి. గుంటకొక చింతగింజ చొప్పున వేయుచు పోవు పిల్ల లెక్క నేర్చును, ముందుచూపు నేర్చును, తన వంతు వచ్చువరకు ఓర్చుకొనుట నేర్చును. (ఈ మూడవది మన సంఘ కమిటీలలో కొదువగా నున్నది.) అయితే మూడేండ్లలోపు వారికి గింజలు ఇయ్యకుడి, ముక్కులో పెట్టుకొందురు. గుజ్జనగూళ్లు వండు చిన్నదాని మాటలు చాటున వినుడి. మీ ఇంటి మాటలే, మీ గొంతుతోనే వినబడును. సంతవీధిలో పిల్లలు పెండ్లి ఆట, చావు ఆట ఆడుట ప్రభువును గమనించెను. ఆయన తప్పుపట్టినది మొండి పెద్దలను గాని పిల్లల ఆటను కాదు.

జర్మనీలో ఫ్రోబెల్ అను లూథరన్ పాదిరిగారి కుమారుడు 1782లో పుట్టి, ఏడాది నిండకముందే తల్లిని పోగొట్టుకొనెను. ఆయన 1837లో చిన్నపిల్లలకు బడి పెట్టి, 1840లో దానిని కిండర్‌గార్టెన్, అనగా పిల్లల తోట, అని పిలిచెను. బిడ్డ చేతికి మొదట ఇచ్చినది పుస్తకము కాదు, రంగురంగుల ఉన్ని బంతులు. తరువాత కొయ్యబంతి, చదరపు దిమ్మె, రోకలిముక్క వంటి దిమ్మె. ఏది దొర్లును, ఏది నిలుచును, ఏది రెండును చేయును అని బిడ్డ తానే కనుగొనవలెను. ప్రష్యా ప్రభుత్వము 1851లో ఆ బడులను నిషేధించెను. మరుసటి యేటనే ఆయన మరణించెను. 1860లో గాని ఆ నిషేధము తొలగలేదు.

ఇంకొక మాట. ప్రవక్త మగపిల్లలను మాత్రమే చెప్పి ఊరకుండలేదు, ఆడపిల్లలను కూడ చెప్పెను. మన ఇండ్లలో అన్న గోలీలాడుచుండగా ఆరేండ్ల చెల్లెలు చంటివానిని చంకనెత్తుకొని గడపలో నిలుచుండును. ఆమెకు ఆట లేదు, దానితో వచ్చు నేర్పును లేదు.

ఈ నెల మూడవ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత గుడి ఆవరణలో పిల్లలకు ఆటలుండును. చంటిబిడ్డలను చూచుకొనుటకు స్త్రీల సమాజమువారు ఒప్పుకొనిరి. మీ ఆడపిల్లలను చంకలో బిడ్డ లేకుండ పంపుడి.