పట్నంలో కొలువు, ఖర్చులో మితం

దుబారాకు పోకుండా, పిసినారితనం చూపకుండా, ఈ రెండింటికీ నడుమ నిలిచి ఖర్చు చేయటం కరుణామయుని దాసుల గుణమని దివ్యఖుర్ఆన్ అల్ ఫుర్ఖాన్ సూరా 67వ ఆయత్ తెలుపుతోంది. ఈ మాట ఏ సందర్భంలో వచ్చిందో గమనించారా? దీనికి ముందు రాత్రివేళ సజ్దాల ప్రస్తావన ఉంది, నరకయాతన నుండి రక్షణ కోరే దుఆ ఉంది. దీని తర్వాత షిర్క్, హత్య, వ్యభిచారాల నిషేధం ఉంది. వీటి మధ్యలో జేబు సంగతి! మనం లౌకికమనుకొని పక్కన పెట్టే విషయాన్ని అల్లాహ్ ఎక్కడ ఉంచాడో చూడండి.

సోదరులారా! మన నిజామాబాద్, బోధన్ యువకులకు ఈ ఆయత్ అవసరం నేడు మరింత పెరిగింది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కర్మాగారమని పేరు పొందింది. నిజాంసాగర్ నీళ్లు చెరకును పెంచితే, ఆ చెరకు ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది. 2002లో ఆ ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి మూసేశారు. తండ్రి తర్వాత కొడుకు అక్కడే పనిలో చేరతాడనే ఆశ దాంతో పోయింది. ఇప్పుడు పిల్లలు చదువు ముగించుకొని కొందరు గల్ఫ్‌కు, కొందరు హైదరాబాద్‌కు బయలుదేరుతున్నారు. మెహదీపట్నంలోనో టోలీచౌకీలోనో నలుగురు కలిసి ఒక గది, తొలి కొలువు, నెలకు పాతిక వేల జీతం. వినటానికి పెద్ద మొత్తమే. ఇరవయ్యో తారీఖుకు అందులో ఎంత మిగులుతుందో ఆ గదిలో ఉన్నవారికే తెలుసు.

"అల్లాహ్ ఇస్తాడు" అంటూ పదో తారీఖుకే పర్సు ఖాళీ చేయటం తవక్కుల్ కాదు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఏం చేశారు? ఏడేళ్లు పంట బాగా పండుతుందని తెలిసి, తినటానికి కావలసిన కొద్దిపాటి ధాన్యం మాత్రమే నూర్చి, మిగతాది వెన్నులోనే ఉంచి దాచమన్నారు. ఆ తర్వాత రానున్న ఏడేళ్ల కరువు కోసం చేసిన ఏర్పాటది. మన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) కూడా తన ఇంటివారికి ఏడాదికి సరిపడా ఆహారం సమకూర్చి ఉంచేవారని హదీసు గ్రంథాల్లో ఉంది. ఆయన కన్నా గొప్ప తవక్కుల్ ఎవరిది? ఫ్యాక్టరీ జీతం ఆగిపోవటాన్ని కళ్లారా చూసిన ఇంటి బిడ్డలకు ఈ పాఠం వేరే చెప్పనక్కర్లేదు. పట్నం కంపెనీలోనూ అంతే. ప్రాజెక్టు ముగిస్తే ఒక్క మెయిల్ చాలు. కాబట్టి మూడు నెలల తిండి, అద్దె సరిపోయేంత సొమ్ము కూడేదాకా కొత్త ఫోను మాట మరచిపోండి.

జీతం చేతికందగానే ముందుగా తీయవలసింది ఇంటి వాటా. చివర్లో మిగిలితే అమ్మీ, అబ్బాలకు పంపుదామనుకుంటే ఏనాడూ మిగలదు. అల్లాహ్ మార్గంలో, బానిస విముక్తికి, పేదవానికి, ఇంటివారికి ఖర్చు చేసిన దీనార్లలో ఇంటివారి కోసం పెట్టిన దానికే ఎక్కువ పుణ్యమని దైవప్రవక్త (స) తెలిపారు. నెలనెలా ఇంటికి పంపే నాలుగు వేలను అలా చూడండి, బరువనిపించదు.

ఇక తిండి. ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందని ప్రవక్త (స) చెప్పిన మాట గది మిత్రులకు చక్కగా వర్తిస్తుంది. ఇంటి నుండి బియ్యం తెచ్చుకొని, వంతుల వారీగా ఖట్టీ దాల్, కూర వండుకొని, ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుంటే ఖర్చు తగ్గుతుంది, బర్కత్ పెరుగుతుంది. ఫోనులో తెప్పించుకునే బిర్యానీ ఒక్కోటి 250 రూపాయలనుకోండి. నెలకు పన్నెండుసార్లయితే మూడు వేలు. బిర్యానీ మానేయమని అనటం లేదు. నిజామాబాద్ వాళ్లతో ఆ మాట అనే ధైర్యం ఏ ఖతీబ్‌కు ఉంది? అయితే నెలకు రెండుసార్లు తిన్నా దాని రుచి ఏమీ తగ్గదు!

అసలు గొయ్యి వేరే ఉంది. క్రెడిట్ కార్డు. ముప్పై వేలు బాకీపడి, నెలకు మూడున్నర శాతం వడ్డీ అయితే, ఒక్క నెలకే 1,050 రూపాయలు. అసలు మాత్రం అలాగే ఉంటుంది. వడ్డీ వదలని వారిపై అల్లాహ్, ఆయన ప్రవక్త యుద్ధం ప్రకటించారని అల్ బఖరా సూరాలో ఉంది. తీసుకునేవాడే కాదు, ఇచ్చేవాడు కూడా శాపగ్రస్తుడేనని హదీసు. గడువులోగా మొత్తం కట్టేస్తాననే వారిలో ఎందరు ప్రతి నెలా అలా కట్టగలుగుతున్నారు? ఫోనులో నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లు ఇంకా ప్రమాదం. వాటి వేధింపులు తాళలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఆ కేసుల్లో అరెస్టులు కూడా చేశారు.

దైవప్రవక్త (స) నమాజులో అప్పు నుండి తరచూ శరణు కోరేవారు. ఎందుకని ఒకరు అడిగితే, అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడు, మాట ఇస్తే తప్పుతాడని కారణం చెప్పారు. వసూలువాడు ఫోను చేసినప్పుడు "మీటింగ్‌లో ఉన్నాను" అనే కుర్రవాణ్ణి తలచుకోండి. పోయింది డబ్బు ఒక్కటేనా?

పెళ్లి విషయంలో తల్లిదండ్రులు కూడా వినాలి. రెండేళ్లు కూడబెట్టిన సొమ్ము ఒక్క రాత్రి ఫంక్షన్ హాలులో ఆవిరవుతోంది. హజ్రత్ సఫియ్యా (రజి) వలీమాలో ఖర్జూరం, పనీరు, నెయ్యి వడ్డించారు. రొట్టె లేదు, మాంసం లేదు. అమ్మాయి ఇంటివారిని జోడా అడిగి ఆ ఖర్చు పూడ్చుకోవటమైతే మరింత సిగ్గుచేటు.

పొదుపు పేరుతో గుప్పిట బిగించటం కూడా ఆ ఆయత్‌కు విరుద్ధమే. పొదుపు 612 గ్రాముల వెండి విలువకు చేరి ఏడాది నిలిస్తే రెండున్నర శాతం జకాత్ విధి. కొత్తగా సంపాదిస్తున్నవారు ఈ లెక్క వేయటమే లేదు. అలాగే అప్పు తీర్చలేనివారు కూడా జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాల్లో ఒకరని అత్తౌబా సూరా 60వ ఆయత్ తెలుపుతోంది. ఇరుక్కుపోయిన యువకుడు మరో యాప్ వెతకక ముందే ఇంటి పెద్దలకు, ఊళ్లోని ఇమామ్ సాహెబ్‌కు చెప్పుకోవాలి. వారు కూడా మందలింపు తర్వాతికి వాయిదా వేసి, ముందు అతని లెక్క వినాలి. గదిలో మిత్రుడు మీ వద్ద రెండు వేలు బదులు తీసుకొని, ఈ నెల ఇవ్వలేక ముఖం చాటేస్తున్నాడా? ఇబ్బందిలో ఉన్నవానికి గడువివ్వమని అల్లాహ్ ఆజ్ఞ. వచ్చే నెల ఇవ్వమని మీరే ముందు చెప్పండి, ఈ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గరకు అతన్ని కూడా పిలవండి.