దారిలో ఆగిన వైద్యుడు



మన సంఘములో పుట్టి, మన సండేస్కూలులో కంఠవాక్యములు అప్పగించి, ఇప్పుడు అమెరికా దేశములో ఉద్యోగము చేయుచున్న ఒక సహోదరుడు కొద్ది దినముల క్రిందట మాకు ఉత్తరము వ్రాసెను. క్షేమసమాచారములతో పాటు అందులో ఒక ప్రశ్న యుండెను. ఆ ప్రశ్న మమ్మును చాలా దినములు వదలలేదు. అందుచేత ఈ నెల ధ్యానమునకు దానినే తీసికొనుచున్నాము. ఆయన పేరు చెప్పము గాని, సంగతి మీతో చెప్పుటకు ఆయన సమ్మతించెను.

ఆయనకు షుగరు వ్యాధి యున్నది. ఎనిమిదేండ్లుగా ఒకే డాక్టరుగారు ఆయనను చూచుచున్నారు. మొన్న ఆ డాక్టరుగారు తన రోగులందరికిని ఒక తాఖీదు పంపిరి. దాని సారాంశమేమనగా, రాబోవు సంవత్సరము నుండి ఆయన 600 మందిని మాత్రమే చూచెదరట. సంవత్సరమునకు 2,000 డాలర్లు సభ్యత్వ చందా చెల్లించినవారే ఆ 600 మందిలో ఉందురు. వారికి తన సొంత ఫోను నంబరు ఇచ్చెదరు. కబురు చేసిన నాడో మరునాడో చూచెదరు. తొందరపడక అరగంటసేపు కూర్చుండి వారి బాధ వినెదరు. చందా కట్టనివారు వేరొక వైద్యుని వెదకుకొనవలెను.

మన సహోదరుడు ఆ సొమ్ము ఇచ్చుకొనగలడు. అయితే ఆయన పొరుగింట ఒక ముసలి విధవరాలు ఉన్నది. ఆమెయు అదే డాక్టరుగారి రోగి. ఆ దేశములో వృద్ధులకు మెడికేర్ అను ప్రభుత్వ బీమా కలదు గాని, అది ఈ చందాను చెల్లింపదు. ఆమె తన చేతినుండి ఇచ్చుకొనలేదు. “అయ్యగారూ, నేను ఈ చందా కట్టవచ్చునా? కట్టితే ఆమె చోటు నేను కొనుక్కొన్నట్లగునా?” అని ఆయన అడిగెను.

ఈ పద్ధతి ఆ దేశములో నిన్న పుట్టినది కాదు. 1996వ సంవత్సరములో సియాటిల్ పట్టణమున డాక్టర్ హోవర్డ్ మారన్ అను వైద్యుడు దీనిని ప్రారంభించెను. ఆయన అంతకుముందు ఆ పట్టణపు బాస్కెట్‌బాల్ జట్టునకు వైద్యుడుగా ఉండెను. ఆటగాండ్రకు దొరకునంతటి శ్రద్ధను పెద్ద చందా చెల్లించగల కొద్ది కుటుంబములకు ఇవ్వవలెనని ఆయన తలంచెను. 2000వ సంవత్సరములో ఫ్లోరిడా రాష్ట్రమున ఒక కంపెనీ బయలుదేరి, ఒక్కొక్క వైద్యునికి 600 మందికి మించకుండ సభ్యులను చేర్చు ఏర్పాటు చేసెను. దీనికి వారు పెట్టుకొనిన పేరు కాన్సియర్జ్ వైద్యము. కాన్సియర్జ్ అనగా ఫ్రెంచి భాషలో మేడ వాకిట కావలి యుండువాడు. పేరు తగినట్లే యున్నది, ఏలయనగా ఇది వాకిలిని గూర్చిన సంగతియే.

ఎవరినైనను నిందించుటకు ముందు ఆ డాక్టరుగారి కష్టమును కూడ విచారింపవలెను. ఆ దేశములో ఒక సాధారణ కుటుంబ వైద్యుని లెక్కలో రెండు వేలకు పైగా రోగులుందురు. బీమా కంపెనీలు రోగిని చూచిన లెక్క చొప్పున డబ్బు ఇచ్చును. ఆసుపత్రి అద్దె, నర్సుల జీతములు గడువవలెననిన దినమునకు ఇరువది మందినైనను చూడవలెను. ఒక్కొక్కరికి పదునైదు నిమిషములు మిగులును. అందులో కొంత కంప్యూటరులో వ్రాయుటకే పోవును. రాత్రి ఇంటికి పోయి మిగిలిన వ్రాత ముగింపవలెను. ఇట్లు అలసి వృత్తినే మానుకొనినవారు అనేకులు. పనివానికి కూలి దక్కవలెనని మన ప్రభువే సెలవిచ్చెను. విశ్రాంతి దినమును ఇచ్చినవాడును ఆయనయే. రోగి ముఖము చూచి మాటలాడుటకు తీరిక కావలెనని కోరిన వైద్యుని దోపిడిగాడని పిలుచుట న్యాయము కాదు.

మరియొక సంగతి. చందాలన్నియు ఒకటి కావు. అదే దేశములో కొందరు వైద్యులు బీమా కంపెనీల జోలికి పోక, నెలకు 50 నుండి 100 డాలర్ల వరకు చందా పుచ్చుకొని, ఎన్నిసార్లు వచ్చినను చూచుచున్నారు. బీమా లేని కూలివారు, చిన్న దుకాణదారులు వారిలో చేరుచున్నారు. వారికి ఆ చందా మూసిన తలుపును తెరచుచున్నది. కాబట్టి చందా అను మాట వినగానే పాపమనుట తగదు. ఆ చందా ఎవరికి తలుపు తెరచుచున్నది, ఎవరికి మూయుచున్నది అని అడుగవలెను.

మన సహోదరుని డాక్టరుగారి లెక్క చూతము. రెండు వేలమందిలో 600 మంది లోపల నిలిచిరి. 1,400 మంది బయటికి వచ్చిరి. వారి రోగములు బయటికి పోలేదు. వారు తక్కిన వైద్యుల వాకిళ్లకు పోవుదురు. అక్కడి వరుసలు ఇంకను పెరుగును. అక్కడి వైద్యుడు ఇంకను అలసిపోవును. ఒకరి అలసట తీరుటకు మరియొకరి మీద భారము పడినది. అమెరికా వైద్యుల సంఘము 2003లో ఈ పద్ధతిని నిషేధింపలేదు గాని, చందా కట్టనివారిని నడిదారిలో విడువక, వేరొక వైద్యునికి అప్పగించుటకు సహాయము చేయవలెనని నియమము పెట్టెను. ఆ నియమము పెట్టవలసి వచ్చినదనగా, చిక్కు ఎక్కడ ఉన్నదో వారికిని తెలిసినదన్నమాట.

ఇక వాక్యమునకు వత్తము. మార్కు సువార్త 5వ అధ్యాయము తెరచి చదువుడి. యాయీరు సమాజమందిరపు అధికారి, గొప్పవాడు. అతని కుమార్తె పండ్రెండేండ్లది, చావనైయున్నది. అతడు ప్రభువు పాదములమీద పడి పిలిచెను. ప్రభువు వెంటనే బయలుదేరెను. గొప్పవాడని అతనిని త్రోసివేయలేదు. దీనిని మరువకూడదు, ధనవంతుని బిడ్డ జ్వరమును జ్వరమే.

అయితే దారిలో ఒక స్త్రీ యున్నది. పండ్రెండేండ్లుగా రక్తస్రావముతో బాధపడినది. తనకున్నదంతయు వైద్యులకే వ్యయము చేసినది, అయినను రోగము ఎక్కువైనది. ఇక ఆమె చేతిలో చెల్లించుటకు కాసు లేదు, ఆమెకొరకు ప్రభువు నొద్ద మాట చెప్పువాడు లేడు. ఆమె వెనుకనుండి వచ్చి వస్త్రము ముట్టి స్వస్థపడినది. ప్రభువు సాగిపోవచ్చును గదా! ఆమెకు కావలసినది దొరికినది, అధికారి తొందరపడుచున్నాడు. అయినను ఆయన ఆగెను. తన్ను ముట్టినది ఎవరని అడిగి, ఆమె సంగతియంతయు వినెను. ఆమెను కుమార్తె అని పిలిచెను. అధికారి ఇంట ఒక కుమార్తె, దారిలో మరియొక కుమార్తె. ఇద్దరిని ఆయన ఒకే విధముగా ఎంచెను.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: “ప్రభువు ఆలస్యము చేసినను చనిపోయిన పిల్లను లేపగలడు. మానవ వైద్యుడు లేపలేడు. అతని గడియలు కొద్ది. అందరికొరకు ఆగితే ఎట్లు?” ఇది మంచి ప్రశ్న. వైద్యుని గడియలు కొద్ది గనుకనే, వాటిని ఏ కొలతతో పంచవలెనో మనము అడుగుచున్నాము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో మీరందరు చీటీ పట్టుకొని వరుసలో నిలిచినవారే. పాము కరచిన పిల్లవానిని భుజము మీద మోసికొని ఎవడైనను పరుగెత్తి వచ్చినప్పుడు వరుస తానే విడిపోవును. ఎవరును గొణగరు. అయితే పెద్దమనిషి సిఫారసు చీటీతో ఒకడు నేరుగా లోపలికి పోయినప్పుడు ప్రతివాని మనస్సులో ముల్లు గ్రుచ్చుకొనును. ఇద్దరును వరుస దాటినవారే. ఒకడు అవసరమునుబట్టి దాటెను, మరియొకడు పలుకుబడినిబట్టి దాటెను. చదువురాని ముసలమ్మకు సైతము ఈ భేదము తెలియును. దేవుడు మన మనస్సాక్షిలో వ్రాసిన న్యాయము అది.

సొమ్ము గలవారు వైద్యునికి ఎక్కువ ఇచ్చుట తప్పు కాదు. మన దేశములోనే దీనికొక సాక్ష్యమున్నది. ఏ అమెరికాను గూర్చి ఇప్పుడు మాటలాడుచున్నామో, ఆ అమెరికానుండియే 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ దొరసానిగారు గుంటూరునకు వచ్చిరి. 1898లో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరచిరి. 1930లో ఆ గుంటూరులోనే కన్నుమూసిరి. నేటికిని అది కుగ్లర్ ఆసుపత్రి అనియే పిలువబడుచున్నది. ఏలూరు ప్రాంతపు జమీందారుగారు తన భార్యకు అక్కడ జరిగిన చికిత్సకు కృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగుటకు ఆసుపత్రి యొద్ద ఒక సత్రము కట్టించెను. ఆయనయు ధనవంతుడే, ఆయనయు డబ్బిచ్చెను. అయితే ఆ డబ్బుతో ఇతరులకు ఒక తలుపు ఎక్కువ తెరువబడెను.

ప్రియులారా, ఇది సముద్రమునకు అవతలి సంగతియని చదివి ప్రక్కన పెట్టవద్దు. మన సంఘములలో కూడ చందా అను మాట ఉన్నది. సంఘ చందా కట్టుట మన విధి. కాని ఎక్కువ చందా కట్టిన ఇంటికి పాదిరిగారు పిలిచిన గడియకే పోయి, బాకీపడిన ఇంటిలో జ్వరముతో పడియున్న సహోదరిని మరుచటి వారము చూచినయెడల, మనకును ఆ డాక్టరుగారికిని భేదమేమి? ఆయన తాఖీదు పంపి చెప్పెను. మనము చెప్పకయే చేయుచున్నాము. బంగారు ఉంగరము గలవానికి మంచి చోటు, మురికి బట్టలవానికి కాళ్లయొద్ద చోటు ఇచ్చు సంఘమును గూర్చి యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో ఏమి చెప్పెనో చదువుడి. దీనిని వ్రాయుచున్న మేమును ఆ గద్దింపుకు వెలుపల లేము. కుర్చీ వేసి కాఫీ ఇచ్చు ఇండ్లలో మేము ఎక్కువసేపు కూర్చుంటిమి. గుమ్మము వంగి దూరవలసిన ఇండ్లలో నిలువుకాళ్లమీద ప్రార్థన ముగించితిమి. ప్రభువు మమ్మును క్షమించును గాక.

మన సహోదరునికి మేము వ్రాసిన జవాబు ఇది. “తమ్ముడా, నీ శరీరమును కాపాడుకొనుట నీ విధి. నీకు భార్యాబిడ్డలున్నారు. ఈ చందా కట్టుట పాపమని మేము నీ మీద కాడి మోపము. కట్టవద్దని నీ మనస్సాక్షి చెప్పినయెడల దానిని విని, వేరొక వైద్యుని వెదకుము. కట్టినయెడల మాత్రము వెనుకకు చూడక లోపలికి పోవద్దు. ఆ పొరుగింటి తల్లికి కొత్త వైద్యుడు దొరకువరకు నీవే ఫోనులు చేయుము. మొదటిసారి నీ కారులో తీసికొని పొమ్ము. ఆమె మందుల పట్టిక, పాత పరీక్షల కాగితములు కొత్త చోటికి చేరినవో లేదో కనుగొనుము. నీ డాక్టరుగారితో నీకు దొరకిన అరగంటలో ఒక నిమిషము తీసికొని, చందా కట్టలేని పాత రోగులను కొందరినైనను ఉంచుకొనవలసినదని మర్యాదగా అడుగుము. అడుగుటకు నీకు చోటు దొరికినది, ఆమెకు దొరకలేదు.”

ఈ ఉత్తరము అందినదని అతడు వ్రాసెను. ఏమి చేయునో ఇంకను నిశ్చయింపలేదట. అతనికొరకును, పేరు తెలియని ఆ తల్లికొరకును, అలసిన ఆ డాక్టరుగారి కొరకును ప్రార్థన చేయుడి.

మన మట్టుకు, ఈ నెలలో ప్రతి కుటుంబము ఒక పని చేయవలెనని కోరుచున్నాము. మీ పేటలో ఒంటరిగా ఆసుపత్రికి పోవలేనివారు ఎవరో విచారించి, ఒక దినపు పని మానుకొనియైనను వారితో పొండి. చీటీ వ్రాయించి, వరుసలో వారి ప్రక్కన నిలువుడి. సంఘపు పెద్దలు రాబోవు ఆదివారము సందర్శనముల పట్టీని తెరచి, ఏ ఇల్లు చాలా కాలముగా విడువబడినదో చూచి, అక్కడనుండి మొదలుపెట్టుడి. దారిలో ఆగిన ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.