కయాక్ పట్టుకుంటే ఓడిపోయినట్టేనా? మొదటి ట్రయథ్లాన్, సుందరకాండ

 

గత వారం వీడియో చూసి హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి ప్రశ్న పంపింది. ఐటీ ఉద్యోగం. ఇరవై తొమ్మిదో ఏట ఈత నేర్చుకుంది. గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3కి పేరు ఇచ్చింది. తెలియనివాళ్ళకి చెబుతాను, అది మూడు పరీక్షలు కలిసిన పందెం. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, బయటికి రాగానే 90 కిలోమీటర్ల సైకిల్, ఆ తర్వాత 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113 కిలోమీటర్లు, అంటే 70.3 మైళ్ళు. పేరు అందుకే అలా వచ్చింది. 2019 నుంచి మన దేశంలో గోవాలో జరుగుతోంది.

ఆ అమ్మాయి పూల్‌లో రెండు కిలోమీటర్లు ఆగకుండా ఈదుతుందట. ప్రాక్టీసుకని సముద్రంలో దిగితే 200 మీటర్లకే ఊపిరి అందలేదు. పక్కనే ఉన్న కయాక్ పట్టుకుని ఏడ్చేసింది. ఇంటికొస్తే వాళ్ళమ్మగారు, "ఇదంతా దేహాభిమానమే తల్లీ, ఆ టైములో లలిత చదువుకోరాదూ?" అన్నారట. "గురువుగారూ, ఇక మానేయనా?" అని అడిగింది.

ముందు అమ్మగారి మాట చూద్దాం. ఆవిడ అన్నదాంట్లో నిజం ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, తిండి కొలుచుకుని, నిద్ర కొలుచుకుని, వాచ్‌లో గుండె కొట్టుకోవడం చూసుకుంటూ ఆరు నెలలు గడిపితే, "నేనంటే ఈ ఒళ్ళే" అన్న భ్రమ బలపడొచ్చు. కానీ అదే నాలుగింటికి లేచేవాడికి, ఫోన్ పక్కన పెట్టి పది గంటలకే పడుకునేవాడికి ఇంద్రియాలు కాస్త మాట వింటాయి కూడా. కఠోపనిషత్తు శరీరాన్ని రథం అంది, బుద్ధిని సారథి అంది. రథాన్ని తుడిచి, చక్రాలకు నూనె రాయడం తప్పు కాదు. రథాన్నే పూజగదిలో పెట్టుకుంటే తప్పు. మీరు ఏది చేస్తున్నారో మీకే తెలుస్తుంది. ఒక్కరోజు ప్రాక్టీసు పోతే ఇంట్లో అందరిమీదా విసుక్కుంటున్నారా? అయితే అమ్మగారు చెప్పింది నిజమే.

ఇక సముద్రం. పూల్‌లో అడుగున నల్లగీత కనిపిస్తుంది, గోడ దొరుకుతుంది. సముద్రంలో గీత లేదు, గోడ లేదు, అడుగు కనిపించదు. మధ్యమధ్యలో తల పైకెత్తి దూరాన తేలే గుర్తును చూసుకుంటూ వెళ్ళాలి. భయం పుట్టగానే మనిషి ఊపిరి బిగబడతాడు, లోపలి గాలి వదలడు. వదలకపోతే కొత్త గాలికి చోటేదీ? ఊపిరి ఆడకపోవడం వెనక ఎక్కువసార్లు ఉండేది ఇదే. నీళ్ళలో ముఖం ఉన్నప్పుడు నెమ్మదిగా గాలి వదలండి. వదిలేటప్పుడు "రామ" అనుకోండి. కోచ్‌లు "బుడగలు వదులు" అంటారు, నేను నామం వదలమంటాను. రెండూ ఒకేసారి చేయొచ్చు.

సముద్రం దాటిన మహానుభావుడి దారిలో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. సముద్రుడు పంపితే మైనాక పర్వతం నీళ్ళలోంచి లేచి, కాసేపు ఆగి విశ్రాంతి తీసుకోమంది. హనుమ ఆ మాటకు కోప్పడలేదు, ఆ మాటను కాదని తోసేయలేదు. చేత్తో తాకి, ఆ ఆదరణ స్వీకరించి, రామకార్యం ఉందని ముందుకు సాగాడు. ట్రయథ్లాన్ నియమాల్లో కూడా, కయాక్‌ను పట్టుకుని సేదతీరవచ్చు, దాని సాయంతో ముందుకు మాత్రం జరగకూడదు. ఎంత చక్కటి నియమం! అమ్మా, నువ్వు పట్టుకున్నది నీ మైనాకాన్ని. హనుమకు తాకితే చాలింది. మనం హనుమలం కాదు, రెండు నిమిషాలు పట్టుకుందాం. తర్వాత వదలాలి. అంతే తేడా.

సైకిల్ దగ్గర ఇంకో పరీక్ష ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, నాకు మొత్తం పందెంలో ఇదే ముఖ్యం అనిపిస్తుంది. ముందువాడి చక్రం వెనక నక్కితే గాలి తగ్గుతుంది, శ్రమ బాగా తగ్గుతుంది. ఈ పందెంలో అది నిషేధం, 12 మీటర్ల దూరం ఉండాలి. పట్టుబడితే కాసేపు పక్కన నిలబెడతారు. కానీ 90 కిలోమీటర్ల దారిలో ప్రతి మలుపులోనూ రిఫరీ ఉండడు కదా. ఎండ మండుతోంది, ఎదురుగాలి, ముందు ఒక వెడల్పాటి వీపు కనిపిస్తోంది, ఎవరూ చూడట్లేదు. అప్పుడు ఏం చేస్తారు? సూర్యుడు, వాయువు, భూమి సాక్షులని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ గాలే చూస్తోంది!

మరి పూర్తి చేయలేకపోతే? గడువు దాటితే మధ్యలోనే ఆపేస్తారు, పేరు పక్కన "పూర్తి చేయలేదు" అని పడుతుంది. ఈ భయం అర్జునుడికీ వచ్చింది. ఆరో అధ్యాయంలో, శ్రద్ధ ఉండీ మధ్యలో జారిపోయినవాడు చెదిరిన మేఘంలా అటూఇటూ కాకుండా పోతాడా అని అడుగుతాడు. మంచిపని చేసినవాడికి చెడు గతి ఉండదని, వదిలిన చోటి నుంచే మళ్ళీ అందుకుంటాడని కృష్ణుడి అభయం. అక్కడ మాట మరుజన్మ గురించి. మీకు మరుజన్మ దాకా అక్కర్లేదు, వచ్చే ఏడాది చాలు.

హనుమ కూడా లంకంతా వెతికి సీతమ్మ కనబడక కుంగిపోయాడు. తిరిగి వెళ్ళకపోవడమే మేలు అనేదాకా ఆలోచన పోయింది. ఆ స్థితి నుంచి లేపిన గుణానికి వాల్మీకి వాడిన మాట అనిర్వేదం, దిగులుకు లొంగకపోవడం. లేచి ఇంకా వెతకని చోటు ఏదని చూస్తే అశోకవనం మిగిలి ఉంది. అనిర్వేదం అంటే మొండితనం అనుకోకండి. 1982లో హవాయి ఐరన్‌మ్యాన్‌లో జూలీ మాస్ అనే విద్యార్థిని గీతకు కాస్త దూరంలో కూలిపోయి, పాకుతూ రెండో స్థానంలో పూర్తి చేసింది. లోకం కన్నీళ్ళు పెట్టుకుంది. నాకూ గౌరవమే. అయినా ఎండలో కళ్ళు తిరిగి, చెమట ఆగిపోయి, మాట తడబడుతుంటే మీరు మాత్రం ఆగిపోండి, డాక్టరుని పిలవండి. శరీరాన్ని హింసించే తపస్సును గీత మెచ్చుకోలేదు.

ఇంకొకరు అడిగారు, పందెం ఏకాదశి రోజు పడితే ఉపవాసం ఉండాలా అని. వద్దండీ. బొత్తిగా తిననివాడికి యోగం కుదరదని కృష్ణుడే చెప్పాడు. ఆ రోజు అరటిపండు తినండి, ఉప్పు కలిపిన నీళ్ళు తాగండి, వచ్చే ఏకాదశికి ఉపవాసం ఉండండి. నీళ్ళలో దిగేముందు సముద్రుడికి ఒక నమస్కారం పెట్టండి. రాముడంతటివాడే మూడు రోజులు ఆయన్ని ప్రార్థించాడు, మీకు పది సెకన్లు పడుతుంది.

వచ్చే శనివారం వీడియోలో సురస ఘట్టం చెప్పుకుందాం.