ఆరు వరసల కుట్టు

మా యారాడకి పార్సిల్ రావాలంటే సింధియా దాటి, కొండెక్కి, మళ్లీ దిగాలి. ఆగస్టు ఎండలో మధ్యాహ్నం రెండింటికి ఫోన్ మోగింది. "అక్కా, కొండ దిగేశాను, ఎటు రావాలి?" అన్నాడు కుర్రాడు. వచ్చేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. వీపు మీద సంచి అతనికంటే ఎత్తుగా ఉంది. గ్లాసుడు మజ్జిగిస్తే నిలబడే తాగి, ఓటీపీ అడిగి, పెట్టె ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. పేరు అడగలేదు. ఆ అడగకపోవడమే ఇన్నాళ్లూ నన్ను తొలుస్తున్న విషయానికి మొదలు.

పెట్టెలో మా పెద్దవాడి క్రికెట్ సామాను ఉంది. వాడికి 11 ఏళ్లు, ఎడంచేతి వాటం. బ్యాటు సైజుకి ఒడ్డూ పొడుగూ చూడమని ఆన్‌లైన్ షాపులో పట్టిక పెట్టారు. లాగుకి కొలత తీసినట్టు వాణ్ణి గోడకి నిలబెట్టి టేపుతో కొలిచి ఆరో నంబరు తెప్పించాను. గ్లవ్స్ ముందు కుడిచేతి వాటానివి వచ్చాయి. వెనక్కి పంపితే పది రోజులకి సరైనవి వచ్చాయి. అదేం పెద్ద సంగతి కాదు. సంగతంతా అట్టపెట్టె అడుగున కాగితంలో చుట్టి ఉన్న ఎర్రటి తోలు బంతిది.

నేను కుట్టుపని మనిషిని. ఇరవై ఏళ్లుగా జాకెట్లు, ఫాల్సు, స్కూలు యూనిఫారాలు కుడుతున్నాను. కొత్త బట్ట చేతికొస్తే రంగు కంటే ముందు కుట్టు చూస్తాను. బంతినీ అలాగే చూశాను. మధ్యలో ఆరు వరసల తెల్లదారం. చేత్తో వేసిందో మిషను మీద వేసిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మిషను కుట్టుకి ఊపిరి ఉండదు, ఒకే బిగువు. ఇక్కడ ఒక్కొక్క చోట దారం వెంట్రుకవాసి ఎక్కువ లాగి ఉంది. ఒక వరసలో కుట్లు లెక్కపెట్టుకుంటూ పోతే ఎనభై దగ్గర తేలాయి. అంతకంటే ముచ్చటైంది ఇంకోటి ఉంది. బంతి ఒక్కో అరా రెండు ముక్కల తోలు. ఆ రెండింటినీ లోపలి నుంచి కలిపారు. పైకి సన్నటి గీత కనిపిస్తుంది తప్ప దారం పోగు కూడా బయటపడదు. పట్టు జాకెట్టుకి లోపలి కుట్టు అంత శుభ్రంగా రావాలని నేను ఇప్పటికీ తంటాలు పడుతుంటాను. 13 ఏళ్ల లోపు పిల్లల బంతి కాబట్టి 140 గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. పెద్ద మగవాళ్లది 156 నుంచి 163. అంత చిన్న వస్తువులో అంత ఓపిక దాచిపెట్టి, కుట్టిన మనిషి ఎక్కడా తన పేరు రాసుకోలేదు. పెట్టె మీద మాత్రం మీరట్ అని ఉంది.

మా నాన్నది పెదజాలరిపేట. వేటకి వెళ్లేవాడు. వల చిరిగితే ఇసకలో కూర్చుని ముడులు తడుముతూ "ఇది ఫలానావాడి చెయ్యి" అనేవాడు. ముడి చూసి మనిషిని చెప్పేవాడు. మొదటి చేప గంగమ్మ పేరున పక్కన పెట్టేవాడు, రెండోది ఆ వల కట్టినవాడి ఇంటికి పంపేవాడు. వాళ్లకి డబ్బు ఎప్పుడో ముట్టేసింది. అయినా పంపేవాడు.

బంతి కుట్టినవాడికి మనమూ అలాగే బాకీ అని మా ఆయనతో అంటే, "డబ్బులిచ్చేశాం కదా, ఇంకేం బాకీ?" అన్నాడు. ఆ మాటని తేలిగ్గా తీసెయ్యలేను. బాకీ, ఋణం, అణకువ అని చెప్పి తరతరాలు వెట్టి చేయించుకున్న దేశం ఇది. చెప్పులు కుట్టినవాడికి గింజలు విదిలించి, అది మీ ధర్మం మాది దయ అన్న దేశం. అలాంటి చోట పనికి రేటు కట్టి, డబ్బు చేతిలో పెట్టి, ఎవరి దారిన వాళ్లు పోవడం చాలామందికి విడుదల. నేనూ పీసు రేటుకే కుడతాను. జాకెట్టు ఇచ్చాక కుట్టించుకున్నావిడ నాకు దణ్ణం పెట్టాలని నేను అనుకోను. డబ్బు ఇవ్వాలి, అంతే.

అయినా ధర తీరడం, ఋణం తీరడం ఒకటి కాదని నా నమ్మకం. ధర నాకూ అమ్మినవాడికీ మధ్య లెక్క. ఋణం నాకూ చేసినవాడికీ మధ్యది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మన పెద్దలు లెక్క చెప్పారు. ఆ వరసలోనే తోటి మనుషుల ఋణాన్నీ, జీవుల ఋణాన్నీ కలిపి గృహస్థుకి ఐదు యజ్ఞాలు పెట్టారు. ప్రవచనాల్లో చిన్నప్పటి నుంచీ వింటున్నదే. బంతి చేతిలో పట్టుకున్న రోజున అందులో ఒక సంగతి కొత్తగా తట్టింది. ఆ జాబితాలో దేవుళ్లని చూశామా? ఋషులని చూశామా? ముత్తాతని చూసినవాళ్లు మన ఇళ్లల్లో ఎంతమంది? పిండం పెట్టి కాకికి ఎదురు చూసేదీ, నువ్వులూ నీళ్లూ వదిలేదీ మనం చూడనివాళ్లకే. అతిథి కూడా ఎవరో తెలియకుండా వచ్చినవాడే. కనిపించనివాళ్లకి బాకీ ఉన్నామని నేర్పిన మతం మనది. స్వర్గంలో ఉన్నవాళ్లకి వర్తించే ఆ నియమం మీరట్‌లో ఉన్నవాడికి ఎందుకు వర్తించదు?

మా అమ్మమ్మ వాళ్ల ఊరి నేల స్టీల్ ప్లాంటు కిందకి వెళ్లింది. నేల పోయినవాళ్లకి ఇచ్చిన ఆర్ కార్డు మా మామయ్య దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది. ఎక్కడో ఏదో ఊళ్లో స్లాబు పోసుకునేవాళ్లు ఆ కడ్డీల కింద మా వాళ్ల జీడిమామిడి తోట ఉందని తలుచుకుంటారా? తలుచుకోరు, వాళ్లకి తెలిసే దారి లేదు. తలుచుకుంటే మా అమ్మమ్మకి ఏం ఒరుగుతుందని అడిగితే జవాబు నా దగ్గర లేదు. కానీ ఎవరైనా ఒక్కరు తలుచుకున్నారని తెలిస్తే ఆవిడ కళ్లు ఎలా మెరిసేవో నాకు తెలుసు.

దసరాకి గొడవ వచ్చింది. ఆయుధపూజకి మిషనుకి పసుపు రాసి, కత్తెర, టేపు, మా ఆయన స్పానర్లు వరసగా పెట్టాను. పెద్దవాడు బ్యాటు తెచ్చి పెట్టాడు, పక్కన బంతి పెట్టాడు. మా అత్త చూసింది. "ఏటే అమ్మా, ఆవు తోలు బంతి అమ్మోరి కాడ ఎడతావేటి?" అంది.

ఆవిడ అన్నది చాదస్తం కాదు. ఒక జీవి పోయాకే ఆ తోలు వచ్చింది. దాన్ని అమ్మవారి ముందు పెట్టేటప్పుడు చెయ్యి ఆగాలి. ఆగకపోతేనే తప్పు. కానీ ఆగాక ఏం చెయ్యాలి? పక్కకి తోసేస్తే జీవికి న్యాయం జరుగుతుందా, లేక తోలు ముట్టుకున్న మనుషుల్ని కూడా దాంతోపాటే తోసేస్తామా? మృదంగం మీద తోలే. గుడిలో మోగుతుంది. చేసినవాణ్ణి మాత్రం చాలాకాలం గుడి బయటే నిలబెట్టాం.

పల్వంకర్ బాలూ గురించి చదివిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. 1876లో పుట్టాడు. తోలుపని చేసే కులం, ఎడంచేతి స్పిన్నరు. పూనాలో మైదానం మీద ఆయన వేసిన బంతిని అగ్రకులాల ఆటగాళ్లు ఆపారు, పట్టారు, విసిరారు. టీ వేళకి మాత్రం ఆయనకి బయట మట్టిముంతలో పోసేవారు. 1911లో ఇంగ్లండు వెళ్లి నూటికి పైగా వికెట్లు తీశాడు. బంతికి అంటని మైల కప్పుకి ఎలా అంటింది? ఆయన చేతిలోంచి వచ్చిన బంతిని అరచేత్తో పట్టుకున్నవాడు ఆయనతో కలిసి భోంచెయ్యలేకపోయాడు. ఇది మా పెద్దవాడికి చెబితే, వాడికి కులం సంగతి అర్థం కాలేదు. "మరి ఆయన్ని కెప్టెన్ చేశారా?" అని మాత్రం అడిగాడు. చెయ్యలేదురా అన్నాను.

మా విశాఖలో ముట్టుకునే దేవత ఉంది. బురుజుపేట కనకమహాలక్ష్మి. ఆవిడకి పైకప్పు లేదు. పూజారి మధ్యలో లేకుండా ఎవరైనా వెళ్లి స్వయంగా పసుపు, కుంకుమ పెట్టి, పాలు పొయ్యొచ్చు. మార్గశిర గురువారం వరసలో నిలబడితే నాకు ముందు పదివేల చేతులు ఆవిణ్ణి ముట్టుకున్నాయి. ఎవరివో అడగం. అత్తకి ఆ మాటే చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, మిషనుకీ బ్యాటుకీ బొట్టు పెట్టింది. బంతికి పెట్టలేదు, తీసెయ్యమనీ అనలేదు. దానికి బొట్టు నేను పెట్టాను.

ఇక్కడితో నా మనసు కుదుటపడిందని చెప్పలేను. చిన్నది, ఎనిమిదేళ్ల పిల్ల, ఫుట్‌బాల్ కావాలంది. ఫోన్‌లో వెతుకుతూ ఉంటే పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ గుర్తొచ్చింది. దేశ విభజనప్పుడు అక్కడి ఆటవస్తువుల కార్మికులే జలంధర్, మీరట్ వచ్చి పని నిలబెట్టారు. ఆ సియాల్‌కోట్‌లో ఒక పిల్లవాడు ఫుట్‌బాల్ కుడుతున్న ఫోటో 1996లో లైఫ్ పత్రికలో వచ్చింది. మామూలు ఫుట్‌బాల్‌కి 32 ముక్కలు. 20 ఆరు పలకలవి, 12 ఐదు పలకలవి. మరుసటి ఏడాది, 1997లో, పిల్లల్ని ఆ పని నుంచి తప్పించాలని అక్కడి వ్యాపారుల సంఘం, అంతర్జాతీయ కార్మిక సంస్థ, యూనిసెఫ్ అట్లాంటాలో ఒప్పందం చేసుకున్నాయి. అంటే మా చిన్నది తన్నే బంతిని తన ఈడు పిల్ల కుట్టి ఉండొచ్చన్న భయం ఊహ కాదు, ఒకప్పుడు నిజంగా జరిగింది. ఇక్కడ నాకు ఋణం అన్న మాట కూడా చాలదు. పిల్లవాడి వేళ్ల నుంచి తీసుకున్నదాన్ని తర్పణంతో తీర్చలేం. అసలు తీసుకోకూడదు. షాపు పేజీలో ఎంత వెతికినా ధర, రంగు, సైజు, ఎన్ని రోజుల్లో వస్తుందో ఉన్నాయి. ఎవరు కుట్టారో లేదు. ప్రశ్నలు అడిగే చోట తెలుగులోనే రాశాను, "దీన్ని కుట్టింది పెద్దవాళ్లేనా?" అని. జవాబు రాలేదు. మూడు రోజులాగి, మిషను మీద అచ్చుపోసిన బంతి ఒకటి కొన్నాను. అదీ ఎవరో ఒకరి చేతులు దాటే వచ్చింది.

పెద్దవాడి బంతి నెల తిరిగేసరికి ఒక చోట విప్పుకుంది. బీచి దగ్గర గట్టి నేల మీద ఆడతారు, రాళ్లు. కొత్తది తెప్పించమన్నాడు. రాత్రి వంటిల్లు సర్దాక దీపం కింద కూర్చున్నాను. దారానికి మైనం పట్టించి, పాత రంధ్రాల్లోంచే సూది దూర్చాను. ఐదు కుట్లు. తోలు అంత గట్టిగా ఉంటుందనుకోలేదు. మూడో కుట్టుకి బొటనవేలు ఎర్రబడింది, అంగుస్తానా పెట్టుకోవాల్సి వచ్చింది. బంతి కుట్టినాయన బిగువు నాకు రాలేదు. నా ఐదూ కొంచెం ఉబ్బెత్తుగా, పక్కన ఆయనవి నేల మీద పరిచినట్టు అణిగి ఉన్నాయి. పొద్దున్న పెద్దవాడు బంతి మీద వేలు నడిపి, ఆ ఉబ్బు దగ్గర ఆపి, "ఇక్కడ్నుంచి నీది కదా అమ్మా" అన్నాడు.