బిగుసుకున్నదాన్ని కదిలించే ముందు

వస్తువు మన మాట వినకపోతే మనం సాధారణంగా రెండు పనులు చేస్తాం. తిడతాం, లేదా ఇంకా గట్టిగా నొక్కుతాం. మనుషుల విషయంలోనూ మన అలవాటు దాదాపు ఇదే. కదలనిదాన్ని కదిలించటానికి బలం వాడే హక్కు మనకు ఎప్పుడు వస్తుంది? ఈ ప్రశ్నను నేరుగా మనుషులకు వర్తింపజేస్తే మన కోపతాపాలు, ఇష్టాయిష్టాలు అడ్డొస్తాయి. అందుకని ముందు ఒక చిన్న యంత్రాన్ని పరిశీలిద్దాం.

ఒలింపస్ ట్రిప్ 35 జపాన్‌లో తయారైన చిన్న ఫిల్మ్ కెమెరా. 1960ల చివర వచ్చింది, 1984 దాకా తయారైంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. లెన్స్ చుట్టూ ఉన్న సెలీనియం పలక వెలుతురు పడితే తానే కొద్దిపాటి విద్యుత్తు పుట్టించి, ఎంత వెలుగు ఉందో కొలుస్తుంది. దాన్నిబట్టి షట్టర్ సెకనులో 40వ వంతు గానీ, 200వ వంతు గానీ తెరుచుకుంటుంది. ఇలాంటి కెమెరా ఏళ్ల తర్వాత పెట్టెలోంచి బయటపడుతుంది. బటన్ నొక్కితే కదలదు. వెంటనే “పాడైపోయింది” అని తీర్పు చెప్పేస్తాం.

అసలు పాడైందా? ఈ కెమెరాకు ఒక గుణం ఉంది. ఆటోమేటిక్ అమరికలో వెలుతురు చాలకపోతే, కంటితో చూసే అద్దంలో ఎర్రని పలక లేస్తుంది, బటన్ దిగదు. చీకటి గదిలో నిలబడి నొక్కినవాడు దాన్ని మొండితనం అనుకుంటాడు. నిజానికి బొమ్మ సరిగా రాదని అది ముందే చెబుతోంది. అలాగే ఫిల్మ్‌ను ముందుకు తిప్పకపోయినా బటన్ దిగదు. రీలు అయిపోతే వెనుక చక్రం తిరగదు. అప్పుడు బలవంతంగా తిప్పితే ఫిల్మ్ చిరుగుతుంది. ఏమైందో చూద్దామని వెనుక తలుపు తెరిస్తే, లోపల ఎవరో తీసి దాచిన బొమ్మలు వెలుతురు తగిలి పోతాయి. బహుశా ఆ ఇంట్లో ఇప్పుడు లేని మనిషి ముఖం వాటిలోనే ఉండొచ్చు.

ఇవేవీ కాకుండా నిజంగానే బిగుసుకున్న షట్టర్లూ ఉంటాయి. లెన్స్ వెనుక పల్చని లోహపు రేకులు ఒకదానిపై ఒకటి జారుతూ తెరుచుకుంటాయి. అవి పొడిగా ఉండాలి. లెన్స్ సాఫీగా తిరగటానికి తయారీదారులు దాని మరల్లో గ్రీజు పెడతారు. ఏళ్ల తరబడి వేడికి అందులోని నూనె మెల్లగా పాకి రేకుల మీదికి చేరుతుంది. కాగితమంత పల్చని రేకులు ఆ జిడ్డుకు అతుక్కుపోతాయి. గమనించండి, ఇక్కడ విరిగింది ఏదీ లేదు, చెడ్డ పదార్థమూ లేదు. ఒకచోట మేలు చేసేదే మరోచోటికి చేరి బంధనమైంది.

చికిత్సలోనూ మన తొందర తప్పుదారి పట్టిస్తుంది. బిగుసుకున్న తలుపు బందుకు నూనె వేస్తాం గనుక ఇక్కడా నూనె వేయబోతాం. నూనే రోగమైన చోట నూనె మందు కాదు. తెలిసినవాళ్లు ముందు కటకాన్ని విప్పే ముందు అది ఉన్న చోటుకు గుర్తు పెట్టుకుంటారు, లేకపోతే తిరిగి బిగించాక దూరపు వస్తువులు మసకబారతాయి. తర్వాత లైటర్‌లో పోసే ద్రవాన్ని దూదిపుల్లతో చాలా కొద్దిగా అద్ది, రేకులను కదిలించి, తుడుస్తారు. మంటకు దూరంగా, గాలి వచ్చే చోట ఈ పని చేస్తారు. ద్రవం ఎక్కువైతే చుట్టూ ఉన్న గ్రీజు కూడా కరిగి మళ్లీ రేకుల మీదికే వస్తుంది. ఒకసారి కదిలింది కదా అని ఊరుకోరు. ఆరనిచ్చి, మరునాడు చూసి, మళ్లీ తుడుస్తారు.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపటాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా “దిగను” అన్న కార్మికుణ్ణి పొగరుబోతు అనేవాళ్లు ఉన్నారు. అతని నిరాకరణ లోపం కాదు, అది ఎర్రని పలక. దాన్ని చూసి ఆగవలసింది మనం. ఇంట్లో చదువుకున్న మొదటి పిల్ల తరగతిలో నోరు విప్పదు. మొద్దు అంటాం. ఆ మౌనం ఇవాళ పుట్టింది కాదు. పెద్దల ముందు మాట్లాడితే దెబ్బలు తిన్న తరాల భయం, ఒకప్పుడు ప్రాణం కాపాడిన జాగ్రత్త, ఇప్పుడు గొంతుకు అడ్డం పడింది. ఆ పిల్లను గద్దిస్తే ఆ భయానికి ఇంకొంత జిడ్డు చేరుస్తున్నట్టే.

కారణం వెతకటమంటే ప్రతిదాన్నీ క్షమించి ఊరుకోవటమేనా అని కొందరు అడుగుతారు. కాదు. జిడ్డు ఎలా వచ్చిందో తెలిసినవాడు దాన్ని అక్కడే ఉంచడు, తుడుస్తాడు. ఇతరులకు హాని చేసే అలవాటునూ అలాగే ఆపాలి. కారణం తెలిస్తే చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది, ఎంత బలం చాలో తెలుస్తుంది.

యంత్రానికీ మనిషికీ ఉన్న తేడాను మరవకూడదు. షట్టర్ మన అవసరం కోసమే చేసినది, దానికి నొప్పి లేదు. మనిషి మన పని కోసం పుట్టలేదు. కాబట్టి ఎటు కదలాలో నిర్ణయించుకునే హక్కు అతనిదే. యంత్రం దగ్గరే ఇంత ఓర్పు కావాలంటే, మనిషి దగ్గర ఎంత కావాలి?

మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇది: ఎందుకు కదలటం లేదో తెలుసుకునే దాకా బలం వాడే హక్కు మనకు లేదు. తెలిశాక దాని అవసరమే చాలా తక్కువ. రేకులు పొడిబారితే వాటిని ఎవరూ నెట్టక్కర్లేదు. వాటిని తెరిచే స్ప్రింగు లోపలే ఉంది.