గొలుసు కుదువ పెట్టకముందు

విజయవాడ,
ఆదివారం

బుజ్జీ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజి రెండుసార్లు విన్నాను. ఫోనులో జవాబు చెప్పొచ్చు కానీ నాకు మాట్లాడుతుంటే సగం మర్చిపోయే జబ్బు. అందుకే కాగితం తీశాను. ఓపిగ్గా చదువు.

నీ మాటల్లో నాకు అందిన సంగతి ఇది. హైదరాబాదులో డిగ్రీలో చేరి, షూటింగ్ రేంజ్‌కి వెళ్ళడం మొదలుపెట్టి మూడు నెలలైంది. పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో చెయ్యి కుదురుకుంటోంది. పక్క లేన్ అమ్మాయి దగ్గర మొరీని పిస్టల్ ఉంది, ఇంకో అబ్బాయి దగ్గర స్టెయిర్ ఉంది, నీకేమో క్లబ్బు పిస్టలే గతి. మీ అమ్మ తన రెండుపేటల గొలుసు కుదువ పెట్టడానికి సిద్ధం. మీ నాన్న, అదే మా బావ, మాత్రం కదలడం లేదు. ఆయన్ని ఒప్పించే పని నాది.

బావ దగ్గరికి వెళ్ళేముందు నీతోనే నాలుగు మాటలు మాట్లాడాలి.

పిస్టల్ కొనడమంటే ఏం కొంటున్నావో ఎప్పుడైనా ఆలోచించావా? కాగితం మీద పది వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. అది పది మీటర్ల దూరంలో ఉంటుంది. ఒంటిచేత్తో, గంటా పావులో 60 గుళ్ళు కొట్టాలి. ఎవరి చెయ్యీ రాయిలా నిలబడదు, ఛాంపియన్లదీ ఊగుతుంది. ముందు సైటూ వెనక సైటూ ఒకదానికొకటి కలిసే ఉండి, చెయ్యి మొత్తంగా ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే గుండు కూడా కాగితం మీద ఒక మిల్లీమీటరే జరుగుతుంది. నష్టం లేదు. అదే మణికట్టు కాస్త వాలి, వెనక గాడిలో ముందు సైటు ఒక మిల్లీమీటరు తప్పిందనుకో. ఆ రెండు సైట్ల మధ్య దూరం ముప్పై మూడు సెంటీమీటర్ల దరిదాపే కాబట్టి, పది మీటర్లు వెళ్ళేసరికి ఆ తప్పు మూడు సెంటీమీటర్లవుతుంది. పది పోయి ఏడు పడుతుంది. మీ కోచ్ కాగితం వైపు చూడొద్దు, ముందు సైటు వైపే చూడు అని రోజూ విసిగిస్తున్నాడంటే కారణం ఇదే.

కాబట్టి మొదటి పిస్టల్ నీ తప్పు నీకు కనిపించనివ్వాలి. ఈ పని లక్షలు పోసినదే చేస్తుందని కాదు, ప్రతి చవకదీ చేస్తుందనీ కాదు. బజార్లో అన్నిటికంటే చవకగా దొరికేది స్ప్రింగుది. గొట్టం విరిస్తే లోపల బలమైన స్ప్రింగు బిగుసుకుంటుంది, పెల్లెట్ పెట్టి మూయాలి. ట్రిగ్గర్ నొక్కగానే ఆ స్ప్రింగూ పిస్టనూ ముందుకు దూకుతాయి, గుండు గొట్టం దాటకముందే చేతిలో పిస్టల్ ఉలిక్కిపడుతుంది. ఏడు పడితే తప్పు నీదా, స్ప్రింగుదా? ఏడాది కొట్టినా తేలదు. సరదాకైతే సరే, నేర్చుకోవడానికి అది అబద్ధాలాడే స్నేహితుడు. నేను మొదట కొన్నది అదే. ఆ కథ చివర్లో చెబుతాను.

దాని పై మెట్టు, ఒకసారి మీట లాగి గాలి బిగించి ఒక గుండు కొట్టేది. రష్యాలో ఇజెవ్‌స్క్‌లో తయారైన బైకాల్ 46 ఈ జాతిది. మా తరం వాళ్ళలో చాలామంది దాంతోనే నేర్చుకున్నారు. సిలిండర్ అక్కర్లేదు, గాలి నింపే చోటు వెతుక్కోనక్కర్లేదు, ఉలికిపాటు దాదాపు ఉండదు. అరవై గుళ్ళకి అరవైసార్లు మీట లాగాలి, భుజం నొప్పి పుడుతుంది. ఆ నొప్పి నీ వయసుకి పెద్ద కష్టమేమీ కాదు. మంచి స్థితిలో ఉన్నది ఎవరైనా అమ్ముతుంటే కళ్ళు మూసుకుని కొనమని మాత్రం అనను, కళ్ళు తెరిచి కొను.

ఇక మీ లేన్‌లో మెరిసేవి. మొరీని స్విట్జర్లాండుది, స్టెయిర్ ఆస్ట్రియాది, ఫైన్‌వెర్క్‌బౌ, వాల్తర్ జర్మనీవి, పార్దీని ఇటలీది. ముందే ఒత్తిడితో నింపిన గాలి సిలిండర్ గొట్టం కింద ఉంటుంది. అద్భుతమైన పనితనం, కాదనను. కొత్తది లక్ష ఎప్పుడో దాటింది. నువ్వు కొనగలిగేది ఇందులో సెకండ్‌హ్యాండ్‌దే, అదీ తొందరపడకుండా.

సెకండ్‌హ్యాండ్ బేరంలో అందరూ పైమెరుగు చూస్తారు. నువ్వు సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడు. దానికి గడువుంటుంది, మామూలుగా పదేళ్ళు. అది దాటితే మ్యాచ్ ముందు తనిఖీలోనే ఆపేయొచ్చు, కొత్త సిలిండర్ ఖర్చు నీ నెత్తిన పడుతుంది. సాయంత్రం గాలి నింపించి, మీటరు ముల్లు ఎక్కడుందో రాసుకుని, మర్నాడు పొద్దున చూడు. దిగిందంటే లోపల వాషర్లు అరిగినట్టే. తర్వాత ట్రిగ్గర్. 500 గ్రాముల తూకం వేలాడదీస్తే మోయాలి, అంతకంటే తక్కువలో జారితే నిబంధనకి విరుద్ధం. అమ్మేవాడినే ఐదు గుళ్ళు కొట్టి చూపించమను. వాడు తప్పించుకుంటే నువ్వూ తప్పుకో. ట్రిగ్గర్ ఎలక్ట్రానిక్‌దీ మెకానికల్‌దీ రెండూ దొరుకుతాయి. నా ఓటు మెకానికల్‌కి.

అన్నిటికంటే ముఖ్యం చెక్క పిడి. మగవాళ్ళు వాడి అమ్మినవి ఎక్కువ, వాళ్ళ అరచెయ్యి పెద్దది. నీ చూపుడువేలు కొస ట్రిగ్గర్ మీద నిటారుగా ఆనాలి, వేలు లాగి అందుకోవాల్సి వస్తే ఆ పిడి నీది కాదు. కొద్ది తేడా అయితే ఆకురాయితో అరగదీసి ఉప్పుకాగితం పట్టించొచ్చు, తగ్గినచోట చెక్క లప్పం పెట్టొచ్చు. వేలల్లో అయ్యే బాగుకి వందల్లో మందు. తొందరపడి ఎక్కువ అరగదీయకు సుమా, తీసేసిన చెక్క తిరిగి రాదు.

ఖరీదైనదైతే చేతిలో మోసం చెయ్యదనుకుంటున్నావేమో. టోక్యోలో మను భాకర్‌కి ఏమైందో గుర్తుందా? ఒలింపిక్ క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చేసరికి నిమిషాలు కరిగిపోయాయి. 575తో 12వ స్థానం, ఫైనల్‌కి రెండు పాయింట్ల దూరం. మూడేళ్ళ తర్వాత 2024లో పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం గెలిచింది. ఆ మూడేళ్ళ మధ్యలో ఆ పిల్ల ఏం భరించిందో అది మనకి ఏ దుకాణంలోనూ దొరకదు.

అదే పారిస్‌లో టర్కీ ఆయన యూసుఫ్ డికెచ్ జేబులో చెయ్యి పెట్టుకుని, మామూలు కళ్ళజోడుతో మిక్స్‌డ్ టీమ్ రజతం కొట్టాడని ప్రపంచమంతా ఫొటోలు పంచుకుంది. ఏ సామానూ లేకుండా కొట్టాడన్నారు. ఆయన చేతిలో ఉన్నది మాత్రం పోటీలకి తగిన పిస్టలే, దాని వెనక ఏళ్ళ తరబడి సాధన ఉంది. జేబులో చెయ్యి పెట్టుకోవడమూ ఫొటో పోజు కాదు, రెండో చెయ్యి ఊగకుండా ఉండటానికి షూటర్లు ఎప్పటినుంచో చేసే పని. ఫొటో చూసి పాఠం నేర్చుకుంటే ఇలాగే సగం నేర్చుకుంటాం.

కనక నా లెక్క ఇది. ఇంకో ఆరు నెలలు క్లబ్బు పిస్టల్‌తోనే కొట్టు, కుదిరితే రోజూ అదే పిస్టల్ అడిగి తీసుకో. గొలుసు డబ్బులో పదోవంతు కూడా అవసరం లేకుండా రేంజ్ ఫీజూ పెల్లెట్ డబ్బాలూ నేను చూసుకుంటాను. పెల్లెట్లు ఒకే రకం వాడు. అవి సీసం, కొట్టాక చేతులు సబ్బుతో కడగందే బిస్కెట్ ముట్టుకోకు. హాస్టల్ గదిలో పిస్టల్ లేకపోయినా లీటరు నీళ్ళ సీసా ఉంటుంది. తెల్లగోడకి ఎదురుగా చాచి పట్టుకుని పదిహేను సెకన్లు నిలబెట్టు, దించు, మళ్ళీ ఎత్తు. నవ్వే స్నేహితురాళ్ళని నవ్వనీ. నోట్‌బుక్‌లో స్కోరు రాయకు, ఏ గుండు ఎందుకు తప్పిందనుకున్నావో రాయి. ఆర్నెల్ల తర్వాత ఆ పుస్తకం తెచ్చి బావ ముందు పెట్టు. ఆయన ఎరువుల కొట్లో పాతికేళ్ళుగా చిట్టా రాస్తున్న మనిషి. మాటలకి కరగడు, చిట్టాకి కరుగుతాడు.

పాయింట్ టూ టూ పిస్టల్ ఊసు ఇప్పుడు ఎత్తకు. దానికి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, 21 నిండాలి. నువ్వు కొట్టే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్ శక్తి 20 జౌళ్ళ కంటే చాలా తక్కువ, లైసెన్సు అక్కర్లేదు. అక్కర్లేదన్న మాట వినగానే చాలామందికి అది బొమ్మ అయిపోతుంది. అక్కడే నాకు భయం.

1992లో నాకు ఇరవై రెండేళ్ళు. ఎన్‌సీసీలో రైఫిల్ కొట్టిన గర్వం, మొదటి జీతం డబ్బు. చెప్పాను కదా, ఆ స్ప్రింగు పిస్టల్ కొన్నాను. పెరట్లో గోడకి కాగితం అంటించి మధ్యాహ్నం కొడుతున్నాను. వెనక ఇసుక పెట్టె లేదు, గుడ్డ లేదు, కళ్ళకి అద్దాలు లేవు. వట్టి రాతిగోడ. గుండు గోడకి తగిలి తిరిగొచ్చింది. దండెం మీద బట్టలు తీస్తున్న మా చెల్లెలు, పదకొండేళ్ళది, చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది. రెండు అంగుళాలు పైకి తగిలితే కన్ను. అమ్మకి మేకు గీసుకుందని చెప్పింది నా చెల్లెలే, నేను చెప్పమనలేదు. చెప్పొద్దని కూడా అనలేదు, నోరు పెగలక నిలబడ్డాను. ఆ సాయంత్రమే పిస్టల్ తిరిగి ఇచ్చేశాను. మళ్ళీ పట్టుకున్నది నాలుగేళ్ళ తర్వాత, రేంజ్‌లో, ఇంకొకరి కనుసన్నల్లో.

ఆ చెల్లెలే మీ అమ్మ. ఎడమ మోచేతి దగ్గర గుర్తు నువ్వు చూసే ఉంటావు. ఆ మనిషే ఇవాళ నీ పిస్టల్ కోసం గొలుసు తీసి ఇస్తానంటోంది. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

అందుకని నాకు రెండు మాటలివ్వు. లేన్ దాటి ఎక్కడా పిస్టల్ పెట్టె తెరవనని ఒకటి, సెలవులకి ఇంటికి తెచ్చినా అది తాళం వేసిన బీరువాలో ఉంటుందని. లోపల గుండు లేదని చూపే రంగు తాడు గొట్టంలో పెట్టకుండా పిస్టల్‌ని పక్కన పెట్టనని రెండోది. ఫొటోల సంగతి నీ తెలివికి వదిలేస్తున్నాను. పిస్టల్‌తో తీసిన ఫొటో ఏదైనా సరే నీ కాగితం కూడా అందులో ఉంటేనే నాకు పంపు.

వచ్చే నెల రెండో ఆదివారం గచ్చిబౌలిలో మీ రేంజ్‌కి వస్తున్నాను. మీ అమ్మని కూడా తెస్తాను. ఒక్కసారి ఆమెని ఫైరింగ్ లైన్ వెనక కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు పెట్టి, నువ్వు కొట్టి చూపించు. గొలుసు మెడలోనే ఉంచుకుని రమ్మన్నాను.

మామయ్య