స్వామి సరే, పక్కన కూర్చున్న భక్తుడి సంగతేంటి?



పోయిన వారం రామానుజుల వీడియో కింద ఒక చెల్లి ప్రశ్న పెట్టింది. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చింది, గచ్చిబౌలి దగ్గర పీజీలో ఉంటుంది. ప్రతి శనివారం ఒక విష్ణు సహస్రనామ పారాయణ బృందానికి వెళ్ళేదట. నాలుగు నెలలు మానకుండా వెళ్ళింది. తర్వాత డెంగీ వచ్చి మూడు వారాలు మంచం మీదే ఉంది. వాట్సాప్ గ్రూపులో రోజూ శుభోదయం బొమ్మలు వస్తూనే ఉన్నాయి కానీ, "ఏమ్మా, కనిపించడం లేదేం?" అని ఒక్కరూ అడగలేదు. కోలుకుని తిరిగి వెళ్ళిన రోజు పక్కన కూర్చున్న ఆవిడ, "కొత్తగా వచ్చావా అమ్మా?" అందట. "అన్నా, దేవుడి మీద భక్తి పోలేదు, భక్తుల మీదే పోయింది. ఇంట్లో కూర్చుని చదువుకుంటే సరిపోదా?" అని అడిగింది.

సరిపోతుంది అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. పారాయణం ఎక్కడ చేసినా పారాయణమే. కానీ ఆ చెల్లి అడిగింది పారాయణం గురించి కాదు కదా. జ్వరం వచ్చినప్పుడు తన కోసం ఎవరైనా గంజి కాచి తెస్తారా అని అడిగింది. దానికి జవాబు చెప్పకుండా శ్లోకాలు చెబితే ఏం లాభం?

మన శ్రీవైష్ణవ సంప్రదాయంలో ఒక మాట ఉంది, చాలామంది వినే ఉంటారు, అర్థం పట్టించుకుని ఉండరు. భక్తులకు భోజనం పెట్టడాన్ని 'తదీయారాధన' అంటారు. తదీయులు అంటే ఆయనవాళ్ళు, భగవంతుడికి చెందినవాళ్ళు. గర్భగుడిలో స్వామికి చేసేది ఆరాధన అయితే, బయట పంక్తిలో కూర్చున్నవాడికి విస్తరి వేసి వడ్డించేది కూడా ఆరాధనే. ఆ మాట పెట్టినవాళ్ళు ఊరికే పెట్టలేదు. భగవంతుడి పట్ల చేసిన తప్పు కంటే భక్తుడి పట్ల చేసిన తప్పును, అంటే భాగవతాపచారాన్ని, మన పూర్వాచార్యులు పెద్దదిగా లెక్కపెట్టారు. స్వామి తనకు జరిగింది ఓర్చుకుంటాడట, తనవాళ్ళకు జరిగింది ఓర్చుకోడట. కన్నతల్లిని చూడండి, అంతే.

ఇప్పుడు శ్రీరంగం వెళ్దాం. రామానుజులు 1017లో శ్రీపెరుంబుదూరులో పుట్టారు, జీవితంలో చాలా భాగం శ్రీరంగంలో గడిపారు. శ్రీరంగానికి దగ్గరలోనే ఉరైయూరు. అక్కడ ధనుర్దాసు అనే మల్లుడు ఉండేవాడు. భార్య పేరు పొన్నాచ్చి, మనవాళ్ళు హేమాంబ అంటారు. ఆమె కళ్ళంటే అతనికి ఎంత పిచ్చి అంటే, ఉత్సవంలో స్వామి వీధిలోకి వస్తుంటే ఇతను స్వామిని చూడకుండా భార్య ముఖానికి ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు! చుట్టూ జనం నవ్వుకున్నారు. రామానుజులు నవ్వలేదు. పిలిపించి, ఇంతకంటే అందమైన కళ్ళు చూపిస్తే చూస్తావా అని అడిగి, రంగనాథుడి ముందు నిలబెట్టారు. ఆ రోజు నుంచి ఆ దంపతులు రామానుజుల గోష్ఠిలో మనుషులైపోయారు. (ఈ కథను 'భార్య మోహం నుంచి బయటపడ్డాడు' అని చెప్పేవాళ్ళున్నారు. నాకు నచ్చదు. ఆమె కూడా పరమ భక్తురాలు. అసలు కథ నడిచేది ఆమెతోనే, చూడండి.)

గోష్ఠిలో చేరాడు సరే, గోష్ఠి చేర్చుకుందా? అక్కడ పండితులున్నారు, పెద్ద కుటుంబాల వాళ్ళున్నారు. రామానుజులు కావేరిలో స్నానం చేసి తిరిగి వచ్చేటప్పుడు ధనుర్దాసు చెయ్యి పట్టుకుని వచ్చేవారు. స్నానం చేశాక అతన్ని ముట్టుకోవడం ఏమిటని శిష్యుల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆచార్యుడి ముఖం మీద అనలేరు, వెనకాల అనుకుంటారు. ఇది ఏ కాలంలోనైనా, ఏ సత్సంగంలోనైనా జరిగేదే. పేరు ఆచార్యుడిది, పెత్తనం మాత్రం గుసగుసలది.

రామానుజులు ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక రాత్రి, శిష్యులు ఆరేసుకున్న బట్టల్లోంచి తలా ఒక పీలిక చింపించేశారు. తెల్లారింది. చూసుకున్నారు. ఇక మఠంలో ఒకటే గొడవ! నువ్వు చింపావంటే నువ్వు చింపావని, వేదాంతం చదివిన నోళ్ళతోనే తిట్టుకున్నారు.

తర్వాత ఆ శిష్యుల్లోనే కొందరిని పిలిచి, ధనుర్దాసును ఈ రాత్రి నేను మాటల్లో పెట్టి ఇక్కడే ఉంచుతాను, మీరు వెళ్ళి అతని భార్య ఒంటి మీది నగలు తీసుకురండి అన్నారు. వాళ్ళు వెళ్ళారు. హేమాంబ ఒక పక్కకు తిరిగి పడుకుని ఉంది. చప్పుడు కాకుండా ఒకవైపు నగలు తీస్తున్నారు. ఆమెకు మెలకువ వచ్చింది. చూస్తే శ్రీవైష్ణవులు. పాపం ఏం అవసరం వచ్చిందో, అడగలేక ఇలా వచ్చారు అనుకుంది. రెండో వైపువి కూడా తీసుకోనీ అని, నిద్రలో కదిలినట్టుగా మెల్లగా పక్కకు తిరిగింది. లేచిందనుకుని వీళ్ళు భయపడి పారిపోయారు.

ధనుర్దాసు ఇంటికి బయల్దేరాడు. ఏం జరుగుతుందో విని రమ్మని రామానుజులు ఆ శిష్యులనే వెనకాల పంపారు. ఒకవైపే నగలతో ఉన్న భార్యను చూసి ఏమైందని అడిగాడు. ఆమె చెప్పింది. అతనికి కోపం వచ్చింది. ఎందుకో తెలుసా? నగలు పోయినందుకు కాదు, ఆమె పక్కకు తిరిగినందుకు. ఇవి నావి, నేను ఇస్తున్నాను అనుకున్నావు కాబట్టే కదిలావు, కదలకుండా ఉంటే వాళ్ళే మొత్తం తీసుకుని వెళ్ళేవాళ్ళు కదా అన్నాడు. గోడ అవతల నిలబడి విన్నవాళ్ళు తల వంచుకుని మఠానికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పారు. పీలిక గుడ్డ కోసం పొద్దున మీరు చేసింది ఏమిటి, ఇంత బంగారం పోతే వాళ్ళు చేసింది ఏమిటి అని రామానుజులు అడిగితే, సమాధానం చెప్పిన శిష్యుడు లేడు.

నన్నడిగితే ఈ కథలో ధనుర్దాసు మాట కంటే హేమాంబ చేసిన ఆ ఒక్క కదలిక గొప్పది. దొంగతనానికి వచ్చినవాళ్ళలో కూడా ఆమెకు దొంగ కనిపించలేదు, అవసరంలో ఉన్న మనిషి కనిపించాడు. మన పారాయణ బృందంలో నాలుగు నెలలు పక్కనే కూర్చున్న అమ్మాయి మనకు మనిషిగా కనిపించలేదు!

ఇంకొక సంగతి ఉంది, ఇది నగల కంటే బరువైనది. యామునాచార్యుల శిష్యుల్లో మారనేరి నంబి అని ఒకరు. ఆ రోజుల్లో అంటరానిదిగా చూసిన కులంలో పుట్టారు. ఆయన పరమపదించినప్పుడు అంత్యక్రియలు ఎవరు చేస్తారు? పెరియనంబి ముందుకు వచ్చారు. ఈయన రామానుజులకు పంచసంస్కారాలు చేసిన ఆచార్యులు, బ్రాహ్మణులు. తనవారికి చేసినట్టే స్వయంగా సంస్కారం చేశారు. ఊరు మండిపడింది, ఆయనను దూరం పెట్టింది. రామానుజులు వచ్చి, మీరే చేయాలా, ఎవరితోనైనా చేయించలేకపోయారా అని అడిగితే ఆయన రాముణ్ణి గుర్తుచేశారు. జటాయువు పక్షి. రాముడు ఆ పక్షికి తన చేతులతో దహనం చేశాడు. నేను రాముడి కంటే గొప్పవాణ్ణా, మారనేరి నంబి జటాయువు కంటే తక్కువవాడా అన్నది ఆయన ప్రశ్న. ముచ్చింతల్ వెళ్ళి 216 అడుగుల విగ్రహం ముందు సెల్ఫీ దిగుతాం కదా, దానికి సమతామూర్తి అన్న పేరు వెనక ఇలాంటివి ఉన్నాయి. 'కులం చూడం' అని స్టేటస్ పెట్టుకోవడం తేలిక. ఊరు తలుపులు వేసుకున్నాక కూడా శవం పక్కన నిలబడటం వేరు.

సరే, చెల్లికి నా జవాబు: ఆ బృందం మానేయాలనిపిస్తే మానెయ్యి, పాపం కాదు. కానీ మానేసే ముందు ఒక్క శనివారం వెళ్ళు. నీలాగే ఎవరూ పలకరించకుండా చెప్పుల స్టాండు దగ్గర ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేవాళ్ళు కచ్చితంగా ఒకరుంటారు. వాళ్ళ పేరు అడుగు. ఇక ఇలాంటి బృందాలు నడిపే పెద్దలకు: ప్రసాదం పంచేటప్పుడు తలలు లెక్కపెడతాం కదా, పేర్లు కూడా తెలుసుకోండి. రెండు వారాలు రానివాళ్ళకు ఫోన్ చేసే పని ఒకరికి అప్పగించండి. మైకుకీ పూలకీ మనిషిని పెడతాం, దీనికి పెట్టలేమా?

"మనల్ని బాధపెట్టినవాళ్ళు కూడా ఆ గోష్ఠిలోనే ఉంటే?" అని ఇంకొకరు అడిగారు. దానికి కూరత్తాళ్వాన్ తప్ప వేరే దారి నాకు కనపడదు. చోళ రాజు సభకు రామానుజుల బదులు ఆయనే కాషాయం కట్టుకుని వెళ్ళారు. అక్కడే రెండు కళ్ళూ పోగొట్టుకున్నారు. దానికి దారితీసిన సలహా రాజుకు ఇచ్చింది నాలూరాన్, పరాయివాడు కాదు, ఆయన శిష్యుడే. ఏళ్ళు గడిచాయి. రామానుజులు తిరిగి వచ్చి, కంచి వరదరాజస్వామిని కళ్ళు అడుగు అని పంపారు. కూరత్తాళ్వాన్ స్వామి ముందు నిలబడి అడిగింది ఇది: నాకు దొరికే పదమే నాలూరాన్‌కీ దొరకాలి. స్వామి సరే అన్నాడు. కళ్ళు అడగలేదని రామానుజులు నొచ్చుకున్నారు. ఆచార్యుడికి ఆ మాత్రం బాధ ఉండదా మరి?

చివరి రోజుల్లో ఆయన శ్రీరంగంలో రంగనాథుణ్ణి మోక్షం అడిగారు. నీకే కాదు, నీతో సంబంధం ఉన్నవాళ్ళందరికీ ఇచ్చాను అన్నాడట స్వామి. ఆ కబురు వినగానే రామానుజులు ఉత్తరీయం తీసి గాల్లోకి ఎగరేశారు. ఎందుకంత సంబరం అంటే, కూరత్తాళ్వాన్‌తో నాకు సంబంధం ఉంది కదా, ఇక నాకూ మోక్షం ఖాయం అన్నారు. అప్పటికే లోకమంతా మోక్షం కోసం ఆయన కాళ్ళ దగ్గరికి వస్తోంది!

వచ్చే శుక్రవారం వీడియోలో తిరుమల అనంతాళ్వాన్ గునపం కథ చెప్పుకుందాం. మహాద్వారం దగ్గర ఆ గునపాన్ని చూసినవాళ్ళు కింద రాయండి. దాసోహం.